సీసం ధూళి వెంట నడిచిన డాక్టరమ్మ

మావారిది బ్యాటరీల షాపు. ఆటోలవీ, ఇన్వర్టర్లవీ పాత బ్యాటరీలు విప్పి, ప్లేట్లు మార్చి, చార్జింగ్ పెట్టి ఇస్తుంటారు. షాపు వెనకాల రేకుల షెడ్డు, అందులో సీసం కరిగించే చిన్న పొయ్యి. 22 ఏళ్లుగా మాకు అన్నం పెడుతున్నది ఆ షాపే. రాత్రి ఆయన ఇంటికొచ్చి విప్పిన చొక్కా బూడిద రంగులో ఉండేది. దాన్ని పెరట్లో దులిపి, పిల్లల బట్టలతో కలిపే నానబెట్టేదాన్ని. అందులో తప్పేముందో నాకప్పటికి తెలీదు.

మూడేళ్ల కిందట ఆయనకి తరచూ కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, తలబరువు, ఊరికే విసుక్కోవడం మొదలయ్యాయి. చూపిస్తే బీపీ 160/100 ఉంది. అప్పటికి ఆయన వయసు 46. మా మామగారికి 70 దాటినా బీపీ లేదు, ఈయనకి ఇంత చిన్న వయసులో ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. నాకు తెలిసినదంతా చేశాను. ఆవకాయ ఆపేశాను. ఉప్పు తగ్గించాను. యాంటీ ఆక్సిడెంట్లు గుండెకి కవచంలాంటివని పక్కింటావిడ చెబితే విటమిన్ సి, విటమిన్ ఇ బిళ్లలు తెచ్చి రోజూ టిఫిను ప్లేటు పక్కన పెట్టేదాన్ని. చీటీ డబ్బుల్లోంచి తీసి మరీ ఆర్నెల్లు కొన్నాను. బీపీ మాత్రం దిగిరాలేదు.

చివరికి ఓ లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. మీరు ఏం పని చేస్తుంటారని ఆవిడ ముందుగా అడిగారు. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించమన్నారు. డెసిలీటరుకి 41 మైక్రోగ్రాములని వచ్చింది. నేను బిళ్లల డబ్బా బల్లమీద పెడితే ఆవిడ నవ్వలేదు. ఇల్లు కారుతుంటే పైకప్పు సంగతి చూడకుండా కింద గిన్నెలు పెట్టుకుంటూ పోతే ఎన్నాళ్లమ్మా అన్నారంతే.

ఆ మాటల మధ్యలోనే ఆవిడ ఒక పేరు చెప్పారు, ఆలిస్ హామిల్టన్ అని. అమెరికాలో పనివాళ్ల ఒంట్లోకి సీసం ఏ దారిన చేరుతోందో ఫ్యాక్టరీ ఫ్యాక్టరీకి తిరిగి తేల్చిన డాక్టరట. నర్సింగ్ చదువుతున్న మా పెద్దమ్మాయి ఆవిడ 1943లో రాసుకున్న ఆత్మకథ సంపాదించింది. రాత్రిళ్లు అది చదివి తెలుగులో చెబుతుంటే, నేను చపాతీలు ఒత్తుకుంటూ, ఆయన పేపరు చూస్తున్నట్టు నటిస్తూ వినేవాళ్లం. అలా మా వంటింట్లోకి వచ్చిన జీవితం ఇది.

ఎక్కడికైనా వెళ్లగలిగే చదువు

ఆలిస్ 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్‌లో పుట్టింది. పెరిగింది ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ అనే ఊళ్లో. నలుగురు అక్కచెల్లెళ్లలో రెండోది. వాళ్ల తర్వాత చాలా ఏళ్లకి ఒక తమ్ముడు పుట్టాడు. చిన్నప్పుడు బడికి పంపలేదు. భాషలు, సాహిత్యం అన్నీ ఇంట్లోనే చదివించారు. పెద్దక్క ఈడిత్ తర్వాతి రోజుల్లో ప్రాచీన గ్రీసు గురించి పుస్తకాలు రాసి చాలా పేరు తెచ్చుకుంది.

తండ్రి కిరాణా వ్యాపారం దెబ్బతింది. ఆడపిల్లలు కూడా తమ కాళ్లమీద తాము నిలబడక తప్పని పరిస్థితి. ఆలిస్ డాక్టరీ ఎంచుకుంది. డాక్టరైతే మురికివాడకైనా, దూరదేశానికైనా వెళ్లొచ్చు, ఎక్కడున్నా నలుగురికి పనికొస్తుంది, ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు... ఇదీ ఆమె లెక్క. సైన్సు మీద పెద్ద ఇష్టంతో కాదని ఆమే ఒప్పుకుంది. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎం.డి. పూర్తిచేసింది. పై చదువుకి 1895లో అక్కతో కలిసి జర్మనీ వెళితే, అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఆడవాళ్లు ఉండీ లేనట్టు ఓ పక్కన కూర్చుని వినాలి. డిగ్రీ మాత్రం ఇవ్వరు. అయినా విని వచ్చింది.

తల్లుల దగ్గర నేర్చుకున్న పాఠం

1897లో షికాగోలో మహిళా వైద్య కళాశాలలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఉండడానికి ఆమె ఎంచుకున్న చోటు హల్ హౌస్. జేన్ ఆడమ్స్ అనే మహనీయురాలు 1889లో బీదల వాడ మధ్యలో నెలకొల్పిన సేవాసదనం అది. చుట్టూ ఇటలీ, పోలండ్ లాంటి దేశాల నుంచి పొట్టచేతపట్టుకుని వచ్చిన కుటుంబాలు. అక్కడ ఆలిస్ 22 ఏళ్లు గడిపింది. పగలు కాలేజీ, మిగతా వేళల్లో పసిపిల్లలకి నీళ్లు పోయడం, తల్లులకి సలహాలు చెప్పడం.

ఇక్కడొక సంగతి నాకు భలే నచ్చింది. పళ్లు వచ్చేదాకా బిడ్డకి పాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదని ఆలిస్ కాలేజీలో నేర్చుకున్న పాఠం. అదే తల్లులకి గట్టిగా చెప్పేది. ఆ ఇటలీ తల్లులు తలూపి, ఇంటికెళ్లి తమకి తోచిందేదో నోట్లో పెట్టేవాళ్లు. పిల్లలు నిక్షేపంలా ఉండేవాళ్లు! చాలా ఏళ్ల తర్వాత, బిడ్డకి ఏం కావాలో తన ప్రొఫెసర్ల కన్నా ఆ తల్లులకే బాగా తెలుసని ఆత్మకథలో రాసుకుంది. రకరకాల తిండి ఒంటికి ఎంత అవసరమో ఆమెకి తర్వాతే తెలిసిందన్నమాట. ఆ రోజుల్లో విటమిన్ అన్న మాటే ఇంకా పుట్టలేదు.

1902లో షికాగోలో టైఫాయిడ్ వచ్చినప్పుడు ఈగలే కారణమని ఆలిస్ వ్యాసం రాసింది. చాలా మెచ్చుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే మురుగు నీరు మంచినీళ్ల గొట్టంలో కలిసింది, ఆ సంగతి అధికారులు దాచిపెట్టారు. ఆ పొరపాటు ఆమెని చాలాకాలం బాధపెట్టింది. కంటికి కనిపించే కారణం దగ్గరే ఆగిపోకూడదన్న బుద్ధి అలాంటి అనుభవాలతోనే వస్తుందేమో. మా అమ్మాయి ఇది చదువుతుంటే నాకు నా బిళ్లల డబ్బా గుర్తొచ్చింది.

చేతులు కడగకపోవడం కాదు, గాలి!

1910లో ఇల్లినాయ్ రాష్ట్ర ప్రభుత్వం పని వల్ల వచ్చే జబ్బులపై సర్వే పెట్టింది. ఆ పని ఆలిస్‌కి అప్పజెప్పారు. ఆమె తీసుకున్న విషం సీసం. ఏయే ఫ్యాక్టరీలో సీసం వాడుతున్నారో జాబితా కూడా లేదు. ఆసుపత్రి రికార్డులు తిరగేసింది. మందుల షాపుల వాళ్లని, కార్మిక నాయకుల్ని అడిగింది. ఫ్యాక్టరీలో యజమాని ఎదుట పనివాడు నోరు విప్పడు కదా, అందుకని వాళ్ల ఇళ్లకే వెళ్లింది. అక్కడ నిజం బయటపడేది. మణికట్లు వాలిపోయి చెంచా కూడా పట్టుకోలేని మగవాళ్లు, కడుపునొప్పితో మెలికలు తిరిగేవాళ్లు, 40 ఏళ్లకే ముసలివాళ్లయిన వాళ్లు...

స్నానాల తొట్లకి ఎనామెల్ పూత వేసే పనివాడొకడికి సీసం జబ్బు వచ్చింది. ఫ్యాక్టరీ వాళ్లు మా దగ్గర సీసమే లేదన్నారు. చూపించమంటే చివర్లో మెరుగులు దిద్దే గది చూపించి పంపేశారు. ఆలిస్ ఊరుకోలేదు. పనివాళ్లని కలిసింది. పొడి నూరి, ఎర్రగా కాలిన తొట్ల మీద చల్లే పని వేరేచోట జరుగుతోందని తెలుసుకుంది. ఆ పొడి తెప్పించి పరీక్ష చేయిస్తే 20 శాతం దాకా సీసం! ఇలా వెతికి వెతికి, సీసం ఒంట్లో చేరే పనులు 70కి పైగా ఉన్నాయని తేల్చింది.

ఆ రోజుల్లో యజమానులు చెప్పే మాట ఒకటే. పనివాళ్లు చేతులు కడుక్కోకుండా అన్నం తింటారు, తప్పు వాళ్లదే అని. చేతులు కడుక్కోవాలి నిజమే గానీ అసలు దారి అది కాదని ఆలిస్ నిరూపించింది. విషం ఎక్కువగా వెళ్లేది ఊపిరితో. గాలిలో లేచే ధూళి, కరిగించేటప్పుడు వచ్చే ఆవిరి. కాబట్టి మారాల్సింది పనివాడి అలవాటు ఒక్కటే కాదు, పని జరిగే చోటు కూడా. ఆవిరిని లాగేసే గొట్టాలు, ధూళి లేవకుండా తడి చేయడం, బట్టలు మార్చుకునే గది, స్నానానికి నీళ్లు, డాక్టరు పరీక్ష ఉండాలంది. 1911లో ఇల్లినాయ్‌లో ఇందుకోసం చట్టం వచ్చింది. అదే ఏడు కేంద్ర ప్రభుత్వ కార్మిక శాఖ కూడా ఆమెని పిలిచింది. జీతం లేదు. రిపోర్టు రాసిచ్చాక దానికి కొంత డబ్బు ఇస్తారు, అంతే. అయినా ఒప్పుకుంది.

నేషనల్ లెడ్ కంపెనీలో ఎడ్వర్డ్ కార్నిష్ అనే పెద్ద అధికారి ఉండేవాడు. మీ పనివాళ్లకి విషం ఎక్కుతోందని ఆలిస్ చెబితే అతనికి కోపం వచ్చింది. రుజువు చూపించమన్నాడు. ఆమె వెళ్లి, ఆసుపత్రి పాలయినంత తీవ్రమైన కేసులు 22, వివరాలతో సహా తెచ్చి బల్లమీద పెట్టింది. అతను కాదనలేదు. కంపెనీలో ధూళికీ ఆవిరికీ కట్టడి పెట్టించాడు, డాక్టర్లని నియమించాడు. మంచివాడే, తెలియక చేస్తున్నాడు, తెలిశాక మారాడు.

ఈ ఘట్టం మా అమ్మాయి చదువుతున్నప్పుడు మావారు పేపరు పక్కన పెట్టేశారు. ఏమీ మాట్లాడలేదు. మా షాపులో పనిచేసే కుర్రాళ్లు ఇద్దరు. ఒకడికి 19, ఒకడికి 23. ఇన్నాళ్లూ ఆయన జబ్బు గురించే ఏడ్చాను గానీ, ఆ షెడ్డుకి ఆయనే యజమాని అన్న సంగతి నాకూ తట్టలేదు. మర్నాడు పొద్దున షాపు తీయకుండా ఆ ఇద్దర్నీ రక్తపరీక్షకి తీసుకెళ్లారు.

హార్వర్డ్ గుమ్మం దగ్గర మూడు షరతులు

1919లో హార్వర్డ్ వైద్య కళాశాల ఆమెని అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తీసుకుంది. అక్కడ పాఠం చెప్పిన మొట్టమొదటి మహిళ. ఆడపిల్లల్ని విద్యార్థులుగా కూడా చేర్చుకోని కాలేజీ అది. వాళ్లు చేరింది 1945లో! షరతులు వినండి. అధ్యాపకుల క్లబ్బులో అడుగు పెట్టకూడదు, ఫుట్‌బాల్ టికెట్లు అడగకూడదు, స్నాతకోత్సవం ఊరేగింపులో నడవకూడదు. ఏడాదిలో సగం రోజులే పాఠాలు చెప్పి మిగతా సగం ఫ్యాక్టరీల్లో తిరగడానికి ఆమె ఒప్పించుకుంది. 1935లో రిటైరయ్యేదాకా ప్రమోషన్ ఇవ్వలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానే దిగిపోయింది.

1925లో పెట్రోల్‌లో సీసం కలపడంపై వాషింగ్టన్‌లో సమావేశం జరిగింది. ఫ్యాక్టరీలో అయితే ధూళిని పట్టి బంధించవచ్చు, వీధి వీధినా కార్ల పొగలో వదిలితే ఎలా అదుపు చేస్తారని ఆమె వ్యతిరేకించింది. ఆ పోరులో ఓడిపోయింది. ఆమె మాట నిజమని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మన దేశంలో సీసం పెట్రోల్ 2000లో ఆగిపోయింది. ప్రపంచంలో చివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది.

మరి విటమిన్ల మాటేమిటి?

ఆలిస్ కాలంలో సీసం అంటే కడుపునొప్పి, పక్షవాతం, ఫిట్సే ముందు కనిపించేవి. గుండె సంగతి ఇంత వివరంగా తెలిసింది ఆ తర్వాతే. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ గుండెజబ్బులకి కారణాల్లో చేరతాయని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో ప్రకటించింది. అదెలాగో మా డాక్టరమ్మ వంటింటి భాషలో చెప్పారు. కోసిన వంకాయ ముక్కలు గాలి తగిలి నల్లబడతాయి కదా. సీసం చేరినప్పుడు రక్తనాళాల గోడల్లో అలాంటి చర్యే ఎక్కువవుతుంది. నాళాలు సాగడానికి కావలసిన నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. అవి బిరుసెక్కుతాయి. బీపీ పెరుగుతుంది.

మరి నిమ్మరసం పిండితే ముక్కలు నల్లబడవు కదా, విటమిన్ సి అలా కాపాడదా? నేనూ అదే అడిగాను. సీసం ఇచ్చిన ఎలుకల్లో విటమిన్ సి, ఇ కొంత మేలు చేశాయట. మనుషుల్లో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. 1939లోనే కొందరు పరిశోధకులు విటమిన్ సి ఇస్తే సీసం పనివాళ్లు బాగుపడ్డారన్నారు. 1943లో మరికొందరు పరీక్షించి ప్రయోజనం కనిపించలేదన్నారు. మామూలు జనంలో గుండెకి వాడి చూసినవి పెద్ద పరిశోధనలు. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న 9,541 మందికి విటమిన్ ఇ గానీ ఉత్తుత్తి బిళ్ల గానీ ఇచ్చి చూసిన ఫలితం 2000లో వచ్చింది. 14,641 మంది మగ డాక్టర్లలో విటమిన్ సి, ఇ రెండూ పరీక్షించినది 2008లో వచ్చింది. రెండింటిలోనూ ఆ బిళ్లలు గుండెపోట్లని తగ్గించలేదు.

రక్తంలో సీసాన్ని లాగేసే మందు సెలైన్‌లో ఎక్కిస్తే సరిపోతుందని కూడా కొందరంటారు. గుండెపోటు వచ్చిన షుగరు పేషెంట్లు సుమారు 1000 మందిలో చేసిన పరిశోధన 2024లో వెలువడింది. రక్తంలో సీసం సగానికి పైగా పడిపోయింది గానీ గుండె ఘటనలు తగ్గలేదు. సీసం బాగా ఎక్కువై ప్రాణం మీదికి వస్తే ఆ మందు అవసరమే. కానీ అది డాక్టరు నిర్ణయించాల్సింది, సొంతంగా పోయి ఎక్కించుకునేది కాదు.

అయితే తిండి వల్ల ఏ ప్రయోజనమూ లేదా అంటే ఉంది. కడుపు ఖాళీగా ఉంటే, ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం ఎక్కువగా ఒంటికి పడుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంతుందో మీకు నేను చెప్పాలా? పైగా సీసం ఎముకల్లో ఏళ్ల తరబడి దాక్కుంటుంది. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఎముకలోని కాల్షియంతో పాటు అదీ బయటికొచ్చి బిడ్డని చేరుతుంది. అందుకే పని ఆయనది అయినా జాగ్రత్త ఇంటిల్లిపాదిదీ.

మా ఇంట్లో ఇప్పుడు

బిళ్లలు మానేశాం. పొద్దున్నే రాగిజావో ఇడ్లీయో తినకుండా ఆయన గడప దాటరు. మునగాకు పప్పు, గోంగూర, జామకాయ, ఉసిరికాయ, పెరుగు... ఏదో ఒకటి రోజూ ఉంటుంది. ఇది తిండి మాత్రమే, కవచం కాదని తెలిసే వండుతున్నాను. బీపీ మాత్ర డాక్టరు చెప్పినట్టు వేసుకుంటున్నారు.

అసలు మార్పు షాపులో జరిగింది. పొయ్యి తీసేశారు. పాత సీసం లైసెన్సు ఉన్న చోటికే పంపుతున్నారు. నేల పొడిగా ఊడవడం లేదు, తడిగుడ్డతో తుడుస్తున్నారు. ముగ్గురూ అక్కడే స్నానం చేసి బట్టలు మార్చుకుంటారు. పని బట్టలు ఇంటికి రావు, పిల్లల బట్టలతో కలవవు. ఆదాయం తగ్గింది. మా చిన్నమ్మాయి ట్యూషన్ మాన్పించి నేనే చెబుతున్నాను. ఆ మాట దాచుకోవడమెందుకు.

కుర్రాళ్లలో చిన్నవాడికి 29, పెద్దవాడికి 36 వచ్చింది. వాళ్లమ్మల్ని పిలిచి ఆ కాగితాలు చేతిలో పెట్టినప్పుడు మావారు తలెత్తలేకపోయారు. ఇద్దరూ పని మానలేదు గానీ, ఆర్నెల్లకోసారి పరీక్ష ఖర్చు మాదే. ఇప్పుడు ముగ్గురికీ తగ్గుతోంది. మావారిది 41 నుంచి 23కి వచ్చింది. మెల్లగానే తగ్గుతుందన్నారు. 22 ఏళ్లుగా చేరింది రెండేళ్లలో పోతుందా మరి.

ఆలిస్ హామిల్టన్ పెళ్లి చేసుకోలేదు. చివరి రోజులు కనెక్టికట్ రాష్ట్రంలోని హాడ్లైమ్‌లో గడిపి, 1970 సెప్టెంబర్ 22న 101 ఏళ్ల వయసులో కన్నుమూసింది. సుమారు మూడు నెలలకి, అదే ఏడు డిసెంబరులో, పనిచోట్ల భద్రత కోసం అమెరికా అంతటికీ వర్తించే చట్టం వచ్చింది. ఆమె చూడలేదు. 1995లో ఆమె బొమ్మతో తపాలా బిళ్ల వేశారు.

మీ ఇంట్లో కూడా బ్యాటరీ పనో, పెయింటు గీకే పనో, వెల్డింగో, పాత సామాను కరిగించే పనో చేసేవాళ్లు ఉండొచ్చు. ఆయనకి బీపీ వస్తే ఉప్పుని మాత్రమే తిట్టుకోకండి. డాక్టరు అడక్కపోయినా ఆయన చేసే పనేమిటో మీరే చెప్పండి. విప్పిన చొక్కా దులపకండి. ఆ షెడ్డులో ఇంకెవరి పిల్లలు పనిచేస్తున్నారో కూడా ఒకసారి అడగండి.